ఏఐతో అసైన్‌మెంట్లు దిద్దించడం: మార్కు నిలకడగా రావాలంటే ఏం చేయాలి?

సీఎస్ఈ మేడమ్ (ప్రశ్న):

అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ. బీటెక్ రెండో ఏడాది, ఆపరేటింగ్ సిస్టమ్స్, మూడు సెక్షన్లు కలిపి 180 మంది. ఇంటర్నల్స్ 40 మార్కుల్లో అసైన్‌మెంట్‌కి 5. పది మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చి, వచ్చిన మార్కును సగం చేసి వేస్తాం. జవాబులు చేతిరాతే, మనిషికి సుమారు 4 పేజీలు.

ఈసారి ప్రశ్న ఇది: డెడ్‌లాక్ ఏర్పడటానికి కావలసిన షరతులు వివరించండి, రిసోర్స్ అలొకేషన్ గ్రాఫ్‌తో ఉదాహరణ ఇవ్వండి, ఒక నివారణ పద్ధతిని దాని నష్టంతో సహా రాయండి. (డెడ్‌లాక్ అంటే నడుస్తున్న ప్రోగ్రాములు, అంటే ప్రాసెస్‌లు, ఒకదాని చేతిలోని రిసోర్స్ కోసం ఇంకోటి ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోవడం. ఏ రిసోర్స్ ఎవరి దగ్గరుందో, ఎవరు దేన్ని అడుగుతున్నారో బాణాలతో చూపే బొమ్మే ఆ గ్రాఫ్.)

పేపర్‌కి 6 నిమిషాలు అనుకున్నా మొత్తం 18 గంటలు. అంతసేపు దిద్దినా పేపర్ మీద మిగిలేది ఒక అంకె, రెండు టిక్కులు, చివర "ఇన్‌కంప్లీట్" అన్న ఒక్క మాట. ఎక్కడ తప్పిందో పిల్లలకి తెలియదు. అందుకే స్కాన్ చేసి చాట్‌జీపీటీ లాంటి దానితో మార్కు, కామెంటు రెండూ రాయించాలన్నది ఆలోచన. కొన్ని పేపర్లతో చూస్తే దాదాపు అన్నింటికీ 7, 8 వస్తున్నాయి. అదే పేపర్ మళ్లీ ఇస్తే ఒకసారి 6, ఇంకోసారి 8. ఇది ఎలా సరిచేయాలి? సరైందో లేదో ఎలా తేల్చుకోవాలి? చేతిరాత సంగతేంటి? పిల్లల మార్కులతో ఆడుకున్నట్టు కాకూడదు.

ఎర్రసిరా:

మేడమ్, మొత్తం మార్కు అడగడమే ఈ గొడవకి మూలం. "దీనికి 10కి ఎన్ని వేస్తావు" అంటే, జవాబు మొత్తం మీద కలిగిన అభిప్రాయాన్ని అది అంకెగా మారుస్తుంది. సున్నా వేయడానికీ వెనకాడుతుంది, పదికి పది వేయడానికీ వెనకాడుతుంది. మీకు 7, 8 తప్ప కనిపించకపోవడానికి కారణం అదే. వాల్యుయేషన్‌లో స్కీమ్ ముందు పెట్టుకుని స్టెప్ మార్కులు ఎలా వేస్తామో, దానిచేతా అలాగే చేయించాలి. ఒక్కో పాయింటు జవాబులో ఉందో లేదో చెప్పమనండి. ఉంటే ఏ వాక్యంలో ఉందో దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి చూపమనండి. మార్కుల కూడిక మాత్రం ఎక్సెల్‌కి వదిలేయండి.

మీ ప్రశ్నని ఇలా విడగొట్టొచ్చు. నాలుగు షరతులకి 4 మార్కులు: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒకసారి ఒక్కరే వాడటం), హోల్డ్ అండ్ వెయిట్ (ఒకటి పట్టుకుని ఇంకోదాని కోసం ఆగడం), నో ప్రీఎంప్షన్ (బలవంతంగా లాక్కోలేకపోవడం), సర్క్యులర్ వెయిట్ (వలయంగా ఒకరి కోసం ఒకరు ఆగడం). ప్రతిదానికీ పేరుకి అర, వివరణకి అర. గ్రాఫ్‌కి 3: ప్రాసెస్, రిసోర్స్ గుర్తులు సరిగా ఉంటే 1, బాణాల దిశ సరిగా ఉంటే 1, ఉదాహరణలో సైకిల్ (బాణాల వెంట వెళ్తే మళ్లీ మొదటికే వచ్చే వలయం) చూపిస్తే 1. నివారణకి 3: పద్ధతికి 1, అది ఏ షరతును విరగ్గొడుతుందో చెబితే 1, నష్టానికి 1.

స్కీమ్ రాయడం సగం పనే. రెండో సగం, పిల్లలు ఎప్పుడూ చేసే తప్పుల పట్టిక. ఇది మీకే తెలుసు, యంత్రానికి తెలియదు. ఉదాహరణకి బ్యాంకర్స్ ఆల్గరిథమ్‌ని నివారణ పద్ధతిగా రాసేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. అది అవాయిడెన్స్ (ప్రమాదం ఉన్న రిక్వెస్ట్‌ని ఆపి తప్పించుకోవడం), ప్రివెన్షన్ (నాలుగు షరతుల్లో ఒకదాన్ని లేకుండా చేయడం) కాదు. పట్టికలో ఈ మాట రాయకపోతే ఏఐ దానికి పూర్తి మార్కు వేసి మెచ్చుకుంటుంది కూడా. అలాగే "గ్రాఫ్‌లో సైకిల్ ఉంటే డెడ్‌లాక్ ఖాయం" అన్న వాక్యం. ఒక్కో రిసోర్స్‌కి ఒక్కటే ఇన్‌స్టన్స్ (అలాంటిది ఒక్కటే) ఉన్నప్పుడే అది నిజం. ఎక్కువ ఇన్‌స్టన్స్‌లు ఉంటే సైకిల్ ఉన్నా డెడ్‌లాక్ లేకపోవచ్చు. ఆ షరతు రాయని వాళ్లకి ఎంత తగ్గించాలో, అసలు తగ్గించాలో వద్దో మీరే ముందు నిర్ణయించి రాయాలి. అలాంటివి పదో పన్నెండో రాస్తే చాలు.

తర్వాత కొన్ని కట్టుబాట్లు. ఒక్కో జవాబును విడిగా, కొత్త సంభాషణలో పంపండి. ఇరవై జవాబులు ఒకే చాట్‌లో వేస్తే ముందు చదివిన మంచి జవాబు తర్వాతి దాని మీద నీడ వేస్తుంది. టెంపరేచర్ సెట్టింగ్ (జవాబు ప్రతిసారీ ఎంత మారొచ్చో నిర్ణయించేది) ఉంటే 0 పెట్టండి. అయినా ఫలితం ప్రతిసారీ ఒకేలా వస్తుందని హామీ లేదు కాబట్టి ఒక్కో జవాబును మూడుసార్లు పంపి, ఏ పాయింటు దగ్గర మూడూ కలవలేదో దాన్ని మీరు చూడండి. ఏఐ ఎత్తి చూపిన వాక్యం జవాబులో నిజంగా ఉందో లేదో ఎక్సెల్‌లో ఫైండ్ ఫార్ములాతో సరిచూడండి. లేని వాక్యాన్ని ఉన్నట్టు చూపడం దానికి అలవాటు. ఫార్ములా దొరకలేదంటే ఆ పాయింటు మార్కు ఆగిపోవాలి.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు తప్పకుండా చేయండి. ఐదు జవాబులు తీసుకుని, ఒక్కోదానికి విషయం లేని ఊకదంపుడు పేరా ఒకటి జోడించి మళ్లీ పంపండి. మార్కు పెరిగితే మీ స్కీమ్ ఇంకా వదులుగా ఉన్నట్టే. పొడుగుకి పడిపోవడం ఈ యంత్రాలకి పాత జబ్బు. 1966లో ఎలిస్ పేజ్ వ్యాసాలు దిద్దే ప్రోగ్రామ్ గురించి రాసినప్పుడే అది వ్యాసం పొడవు, పదాల పొడవు లాంటి పైపై గుర్తుల మీద ఆధారపడేది. 2014లో ఎమ్ఐటీకి చెందిన లెస్ పెరెల్మన్, విద్యార్థులతో కలిసి అర్థంలేని వ్యాసాలు పుట్టించే ప్రోగ్రామ్ చేసి, దిద్దే సాఫ్ట్‌వేర్ చేత వాటికి మంచి మార్కులు వేయించాడు. రెండో పరీక్ష మన దగ్గర ఇంకా ముఖ్యం. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల జవాబులు ఐదు తీసుకుని, విషయం ముట్టుకోకుండా ఇంగ్లిష్ వ్యాకరణం మాత్రం దిద్ది పంపండి. మార్కు మారిందంటే అది ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి మార్కు వేయడం లేదు, ఇంగ్లిష్‌కి వేస్తోంది. అది ఆ పిల్లలకి అన్యాయం.

స్కానర్ గది:

చేతిరాత గురించి. పిన్నులు తీసి షీట్ ఫీడర్‌లో వేయండి, 300 డీపీఐ, గ్రేస్కేల్. పూర్తి నలుపు-తెలుపు మోడ్‌లో పెన్సిల్ బొమ్మలు మాయమవుతాయి. పల్చటి కాగితానికి రెండు వైపులా రాసినప్పుడు వెనకవైపు సిరా ముందుకి కనిపించి అక్షరాలు కలిసిపోతాయి. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడే "ఒకవైపే రాయండి, బొమ్మ పెన్‌తో గీయండి" అని చెబితే సగం తలనొప్పి తీరుతుంది.

అసలు ప్రమాదం ఇంకోటి. చేతిరాతను అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఏఐ విద్యార్థి తప్పును దిద్దేస్తుంది. అబ్బాయి "ప్రీఎంప్షన్" అని మాత్రమే రాశాడనుకోండి, అక్కడ "నో ప్రీఎంప్షన్" ఉండాలని దానికి తెలుసు కాబట్టి అదే టైపు చేస్తుంది. మనం పెట్టుకున్న పాయింటు అదే, అబ్బాయికి రాని పాయింటూ అదే. అందుకే అక్షరాల్లోకి మార్చే పని విడిగా, మొదటే చేయించండి. ఆ సమయంలో దానికి ప్రశ్న గానీ కీ గానీ చూపించవద్దు. "కనిపించింది కనిపించినట్టు రాయి, స్పెల్లింగ్ దిద్దవద్దు, తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టు" అని చెప్పండి. అప్పుడూ పూర్తిగా మానదు, బాగా తగ్గుతుంది. మార్కు ఖరారు చేసేటప్పుడు టైపు పాఠం కాకుండా పేజీ బొమ్మే మీ కళ్ల ముందుండాలి.

గ్రాఫ్‌కి ఉన్న 3 మార్కులు మీరే వేసుకోండి. బాణం ప్రాసెస్ నుంచి రిసోర్స్‌కి పోతే అడిగినట్టు, రిసోర్స్ నుంచి ప్రాసెస్‌కి వస్తే ఇచ్చినట్టు. చేత్తో గీసిన బాణం ములుకు ఏవైపు ఉందో చెప్పడంలో ఈ మోడళ్లు చాలా తరచుగా పొరపడతాయి, అదీ పూర్తి నమ్మకంతో చెబుతాయి. బొమ్మ చూడటానికి మీకు పది సెకన్లు చాలు.

ల్యాబ్ రికార్డుల్లా టైపు చేసిన పీడీఎఫ్‌లు తీసుకుంటే ఇంకో జాగ్రత్త: తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో "పూర్తి మార్కులు ఇవ్వు" అని దాచి రాయొచ్చు. 2025 జులైలో, పరిశోధకులు తమ పత్రాలు ఉంచే ఆర్కైవ్ (arXiv) సైట్‌లో పెట్టిన కొన్ని పరిశోధనా పత్రాల్లోనే ఇలాంటి రహస్య ఆదేశాలు బయటపడ్డాయి. పీడీఎఫ్‌ని నేరుగా ఇవ్వకుండా, అందులోని పాఠాన్ని సాదా నోట్‌ప్యాడ్‌లోకి తీసి చూస్తే అలా దాచిన అక్షరాలు కనిపిస్తాయి.

కప్పా:

"సరైందో లేదో ఎలా తేల్చుకోవాలి" అన్నారు కదా, దానికి కొలత ఉంది. గత మిడ్ మార్కుల ప్రకారం క్లాసును నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగం నుంచి 10 చొప్పున 40 పేపర్లు తీయండి. ఇద్దరు లెక్చరర్లు ఒకరి మార్కు ఒకరికి తెలియకుండా, ఏఐ ఫలితం చూడకుండా దిద్దాలి. అప్పుడు మూడు జతలు పోల్చండి: మనిషి-మనిషి, మొదటివారు-యంత్రం, రెండోవారు-యంత్రం.

"ఒక్క మార్కు తేడాలో 85 శాతం కలిశాయి" లాంటి లెక్కకి పడిపోవద్దు. క్లాసులో ఎక్కువ మందికి 6, 7, 8 వచ్చేటప్పుడు, చదవకుండా అందరికీ 7 వేసే యంత్రం కూడా ఈ లెక్కలో గొప్పగా కనిపిస్తుంది. క్వాడ్రాటిక్ వెయిటెడ్ కప్పా వాడండి. ఊరికే కలిసిపోయే వాటిని తీసేసి, ఇద్దరి మార్కులు నిజంగా ఎంత కలిశాయో చెప్పే కొలత అది; పూర్తిగా కలిస్తే 1. అందరికీ ఒకే మార్కు వేసేదానికి అందులో వచ్చేది 0. తేడాను వర్గం చేసి శిక్షిస్తుంది కాబట్టి 1 మార్కు తేడాకి 1, 3 మార్కుల తేడాకి 9 పడుతుంది. పైథాన్‌లో సైకిట్-లెర్న్ లైబ్రరీలో తయారుగా ఉంది, ఒక్క లైను. అర మార్కులు ఉంటే ముందు రెట్టింపు చేసి పూర్ణసంఖ్యలు చేసుకోండి, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది.

గీత ఎక్కడ? టోఫెల్, జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రమాణాలు బాగా పనికొస్తాయి. మనిషి-యంత్రం కప్పా కనీసం 0.70 ఉండాలి. మనిషి-మనిషి కప్పా కంటే 0.10కి మించి పడిపోకూడదు. సగటుల తేడా, మార్కుల ప్రామాణిక విచలనంలో (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెలో) 0.15 వంతు దాటకూడదు. అంటే మీ క్లాసు విచలనం 2 మార్కులైతే, యంత్రం సగటున 0.3 మార్కు కంటే ఎక్కువ ఉదారంగా గానీ పిసినారిగా గానీ ఉండకూడదు. 40 పేపర్లతో వచ్చే కప్పా కొంచెం ఊగుతుంది. కాబట్టి 0.70 దాటకపోతే ఆపేయడానికి వాడండి. దాటినంత మాత్రాన చూడకుండా వదిలేయడానికి కాదు.

సీఎస్ఈ మేడమ్:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఇద్దరు లెక్చరర్ల మధ్యే తేడా ఎక్కువ వస్తే? జవాబును ఏఐతో రాయించుకుని, చూసి చేత్తో రాసిన వాళ్లని పట్టుకోవడానికి డిటెక్టర్ వాడొచ్చా?

కప్పా:

తేడా వస్తే ఏఐని పక్కన పెట్టి స్కీమ్ దగ్గరికి వెళ్లండి మేడమ్. ఇద్దరూ కూర్చుని ఎక్కువ తేడా వచ్చిన ఎనిమిది పేపర్లు ముందేసుకుంటే, గొడవంతా రెండు మూడు పాయింట్ల దగ్గరే అని తేలుతుంది. "వివరణ" అంటే ఒక వాక్యం చాలా, ఉదాహరణ కావాలా అన్నట్టివి. ఆ నిర్ణయాలు స్కీమ్‌లో రాసి, పాత పేపర్లతో కాకుండా కొత్తగా తీసిన 20 పేపర్లతో మళ్లీ కొలవండి. ఏ పేపర్లు చూసి స్కీమ్ దిద్దారో వాటితోనే పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ బాగానే వస్తుంది.

డిటెక్టర్ ఆధారంగా మార్కు కోయవద్దు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని కచ్చితత్వం చాలక 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని డిటెక్టర్లు తప్పుగా చెప్పాయి. మన పిల్లలది అదే ఇంగ్లిష్. అనుమానం ఉంటే రెండు నిమిషాల వైవా పెట్టండి: "నువ్వు గీసిన గ్రాఫ్‌లో ఈ బాణం తిప్పితే ఏమవుతుంది?" చదివి రాసినవాళ్లు చెప్పేస్తారు.

పలక-బలపం:

అందరూ మార్కు గురించే మాట్లాడారు. మేడమ్ మొదటి బాధ కామెంటు గురించి. ఏఐ నిజంగా అక్కరకొచ్చే చోటు అదే.

ఊరికే "ఫీడ్‌బ్యాక్ రాయి" అంటే అది రాసేది పొగడ్త: "చక్కటి ప్రయత్నం, మరింత లోతుగా వివరిస్తే బాగుండేది." ఎవరి పేపర్‌కైనా అతికే మాట ఎవరికీ పనికిరాదు. మూడు వాక్యాల కొలత పెట్టండి, 60 పదాలు మించకుండా. మొదటిది, విద్యార్థి రాసిన వాక్యాన్నే ఎత్తి చూపుతూ అక్కడ ఏది సరిగా ఉందో. రెండోది, ఏది లేదు లేదా ఏది తప్పు, ఎందుకు తప్పు. మూడోది, మిడ్ లోపు చేయాల్సిన ఒకే ఒక్క పని. ఉదాహరణకి ఇలా ఉండాలి: "హోల్డ్ అండ్ వెయిట్‌కి ప్రింటర్ ఉదాహరణ సరిగ్గా సరిపోయింది. నివారణ కింద బ్యాంకర్స్ ఆల్గరిథమ్ రాశావు. అది నాలుగు షరతుల్లో దేన్నీ తొలగించదు, ప్రతి రిక్వెస్ట్‌కీ స్థితి సేఫ్‌గా ఉందో లేదో చూసి ఇస్తుంది, కాబట్టి అది అవాయిడెన్స్. కావలసినవన్నీ మొదటే అడగాలన్న నియమం పెడితే ఏ షరతు పోతుందో, దానివల్ల రిసోర్స్‌లు ఎందుకు ఖాళీగా పడి ఉంటాయో అర పేజీ రాసి చూపించు."

ఈ కామెంటు దానంతట అది పుట్టదు. ఎర్రసిరా గారు చెప్పిన పాయింట్ల ఫలితం, తప్పుల పట్టిక రెండూ ఇచ్చి, వాటిలో ఉన్నది మాత్రమే రాయమనాలి. లేకపోతే సిలబస్‌లో లేని సంగతులు తెచ్చి పెడుతుంది.

మార్కు, కామెంటు ఒకేసారి చేతికిస్తే పిల్లలు అంకె చూసి కాగితం మడతపెడతారు. రూత్ బట్లర్ 1988లో చేసిన అధ్యయనంలో కామెంట్లు మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకెళ్లారు, కామెంటుతో పాటు మార్కు కూడా అందుకున్న వాళ్లకి ఆ లాభం దక్కలేదు. ముందు కామెంటు ఇచ్చి, మూడో వాక్యంలోని పని చేసి తెచ్చాక మార్కు చూపండి. మూడ్‌ల్ (ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అసైన్‌మెంట్‌కి గ్రేడ్ రకం "నన్" పెట్టి కామెంట్లు మాత్రమే వదిలి, మార్కులకి గ్రేడ్‌బుక్‌లో వేరే ఐటమ్ పెట్టుకోవచ్చు.

తెలుగులో రాయించాలనుకుంటే పాఠంలోని మాటలు క్లాసులో ఎలా అంటారో అలాగే ఉంచమనండి. లేకపోతే డెడ్‌లాక్‌ని "ప్రతిష్టంభన" చేసి పిల్లలని అయోమయంలో పడేస్తుంది.

పరీక్షల విభాగం:

రికార్డు సంగతి కూడా చూసుకోండి. హాల్‌టికెట్ నంబరు, పేరు ఉన్న మొదటి పేజీ స్కాన్‌కి వెళ్లకూడదు. పేపర్ మీద 1 నుంచి 180 వరకు కోడ్ వేసి, కోడ్‌కీ నంబరుకీ లంకె ఉన్న ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంచండి. ఉచిత ఖాతాలో పెట్టింది మోడల్ శిక్షణకి వాడే అవకాశం ఉంది. ఆ సెట్టింగ్ ఆపిన కాలేజీ ఖాతా గానీ, కాలేజీ సర్వర్‌లోనే నడిచే ఓపెన్ మోడల్ గానీ తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి డేటాకి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. రెండో ఏడాదిలో తక్కువే గానీ, మొదటి ఏడాది క్లాసులో 17 ఏళ్ల వాళ్లు చాలామంది. యూరప్‌లో అయితే 2024 చట్టం విద్యార్థుల అభ్యాస ఫలితాలను మదింపు చేసే ఏఐని అధిక ప్రమాద జాబితాలోనే చేర్చింది. అక్కడి యూనివర్సిటీల్లో చదువుతున్న మనవాళ్లు తమ పేపర్ ఎలా దిద్దారో అడగడానికి వెనకాడాల్సిన పని లేదు.

ప్రతి పేపర్‌కీ ఒక వరుస దాచండి: కోడ్, పాయింట్ల వారీ ఫలితం, చూపిన వాక్యాలు, మోడల్ పేరు, వెర్షన్, తేదీ, మీరు మార్చింది ఏమిటి, మీ సంతకం. సెమిస్టర్ మధ్యలో కంపెనీ మోడల్ మార్చేస్తే పాత మార్కు ఎలా వచ్చిందో చెప్పడానికి ఇదే ఆధారం. వెర్షన్ మారితే 40 పేపర్ల పరీక్ష మళ్లీ చేయాలి. విద్యార్థి మార్కు ప్రశ్నిస్తే మళ్లీ ఆ యంత్రానికే పంపవద్దు. మొదట దిద్దని లెక్చరర్, యంత్రం రాసింది చూడకుండా దిద్దాలి. ఇవన్నీ అసైన్‌మెంట్ ఇచ్చే రోజే నోటీసుబోర్డు మీద ఉండాలి.

ఇంకొకటి, గత మిడ్ మార్కుతో బాగా తేడా వచ్చిన ప్రతి పేపర్‌నీ ఆపి చూడండి. 2019 ఏప్రిల్ తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 రావలసిన అమ్మాయికి 0 పడింది. ఓఎమ్‌ఆర్‌లో బబుల్ తప్పు నింపింది మనిషే, సరిచూడాల్సిన మనిషీ పట్టుకోలేదు. పాత మార్కులతో పోల్చే చిన్న ఫార్ములా అడ్డం ఉంటే అది బయటికి వెళ్లేదే కాదు.

ఎర్రసిరా:

టైము లెక్క కూడా వేసుకోండి మేడమ్. మొదటిసారి 40 పేపర్లు ఇద్దరు దిద్దడానికి 8 గంటలు. మిగతా 140, ఒక్కోటి రెండున్నర నిమిషాల్లో సరిచూస్తే దాదాపు 6 గంటలు. స్కీమ్, తప్పుల పట్టిక రాయడానికి 2, స్కానింగ్‌కి 1. అంటే 17. మీ 18 గంటలకి అది పెద్ద ఆదా కాదు, కానీ 180 మందికీ వాళ్ల జవాబు గురించిన మాట అందుతుంది. వచ్చే ఏడాది అదే ప్రశ్నని కొంచెం మార్చి ఇచ్చినప్పుడు మాత్రం లెక్క తగ్గుతుంది.

ఆ రెండున్నర నిమిషాల్లో ఒక ప్రమాదం ఉంది. యంత్రం వేసిన మార్కు ముందు కనిపిస్తే మన చెయ్యి దాని వెంటే పోతుంది. ఎక్సెల్‌లో ఆ కాలమ్ దాచండి. ప్రతి పది పేపర్లలో ఒకదాన్ని పూర్తిగా మీరే దిద్ది, తర్వాత కాలమ్ తెరిచి చూడండి. రెండు మార్కులు దాటి తేడా వస్తే ఆ పదీ మళ్లీ దిద్దాలి.